వచ్చేది రోగమా, మన మనిషా?

 

టీవీలో కొత్త వైరస్ పేరు వినబడ్డ ప్రతిసారీ మన ప్రేక్షకులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అది మన దాకా వస్తుందాండీ?" కేరళలో నిపా అన్నప్పుడు అదే అడిగారు, కరోనా కొత్త రకం అన్నప్పుడూ అదే అడిగారు. వస్తుందో రాదో చెప్పాల్సింది డాక్టర్లు. హారతి పళ్లెం పట్టుకునేవాడిని, ఆ సంగతి నన్ను అడిగితే నేనేం చెబుతాను? కానీ ఆ ప్రశ్నలో ఉన్న "వస్తుందా" అనే మాట దగ్గర నేను చాలాకాలంగా ఆగిపోయి ఉన్నాను. వీడియోలో పది నిమిషాల్లో తేలే విషయం కాదని ఇక్కడ రాస్తున్నాను.

మన తెలుగులో చూడండి. జ్వరం వస్తుంది. గోదారికి వరద వస్తుంది. చుట్టం వస్తాడు. పండక్కి కూతురు వస్తుంది. జాతరలో ఒంటిమీదికి అమ్మవారు వస్తుంది. భయపడేదానికీ ఎదురుచూసేదానికీ మనకున్నది ఒకటే క్రియ. మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు, ఏది వచ్చిందో మనకు తెలుస్తూనే ఉంటుంది. 2020లో మాత్రం మన కోనసీమలో రోగమూ కూతురూ ఒకే విమానంలో దిగొచ్చేమో అన్న భయం పుట్టింది. ఆ గుమ్మం దగ్గర మనం ఏం చేశాం అన్నదే నా ప్రశ్న.

ఆ రోజులు ఒకసారి గుర్తుచేసుకుందాం, ఎందుకంటే మనకు మరుపు తొందరగా వస్తుంది. జనవరి 30న, వుహాన్ నుంచి కేరళకు తిరిగొచ్చిన ఒక విద్యార్థినిలో మన దేశపు తొలి కేసు బయటపడింది. మార్చి 12న ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన కుర్రాడితో మన రాష్ట్రంలో మొదలైంది. మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు. 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, సాయంత్రం అందరం పళ్లేలు మోగించాం. 25న లాక్‌డౌన్ మొదలైంది. అదే రోజు ఉగాది, శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి. పంచాంగ శ్రవణంలో ఆ అర్థం చెప్పడానికి ఆ ఏడాది నోరు రాలేదు చాలామందికి. ఏప్రిల్ 2న శ్రీరామనవమి వచ్చింది, భద్రాద్రి రాముడి కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది.

అప్పటికింకా మనది తూర్పుగోదావరి జిల్లాయే, కోనసీమ జిల్లా వేరుపడింది 2022లో. చివరికి రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ కేసులు నమోదైన జిల్లా కూడా మనదే అయింది. కానీ నేను చెప్పేది అంతకుముందు నెలల సంగతి. కేసు ఒక్కటీ రాని ఊళ్లలో కూడా భయం ముందే వచ్చి కూర్చున్న నెలలవి.

కోనసీమ బయటివాళ్లకు కొబ్బరిచెట్లు, కాలవలు, పూతరేకులు. లోపలున్న మనకు తెలుసు కదా, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు ఏ వీధిలోకి వెళ్లినా కువైట్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో ఒక మనిషి ఉన్న ఇల్లు తగులుతుంది. అందులోనూ ఆడవాళ్లు. అక్కడి ఇళ్లలో వంట చేసి, వాళ్ల పిల్లలకు స్నానాలు చేయించి, ఆ డబ్బు ఇక్కడికి పంపి, తమ పిల్లల ఎదుగుదలను వీడియో కాల్‌లో చూసుకునే తల్లులు. పెంకుటిల్లు తీసి డాబా వేసింది ఆ డబ్బే. తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి ఆ డబ్బే. ఊళ్లో గుడి గోపురానికి రంగులు వేయించిన చందాల పుస్తకం తీసి చూడండి, సగం పేర్ల పక్కన "కువైట్" అని రాసి ఉంటుంది.

2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లకు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని క్షమాభిక్ష ప్రకటించింది. ఇళ్లలోంచి పారిపోయినవాళ్లు, పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకున్నవాళ్లు, పనులు పోయినవాళ్లు వెళ్లి పేర్లు రాయించుకుని క్యాంపుల్లో కూర్చున్నారు. మే 7న వందే భారత్ విమానాలు మొదలయ్యాయి. అంటే అక్కడ మన మనిషి ఎర్రటి ఎండలో ఇంటికి రావడానికి ఎదురుచూస్తోంది, ఇక్కడ ఇల్లు ఆమె వస్తుందేమోనని భయపడుతోంది.

ఆ రోజుల్లో మా వైపు ఊరి మొదట్లో తాటిదుంగలు అడ్డం పడేశారు. కొన్నిచోట్ల ముళ్లకంప. అట్టముక్క మీద "బయటివారు రావద్దు" అని రాసి కట్టారు. ఆ కంచె వేసిన కుర్రాళ్లను నేను తిట్టలేను. అప్పటికి మందు లేదు, టీకా లేదు, అమలాపురం ఆస్పత్రిలో మంచం దొరుకుతుందో లేదో తెలీదు. ఇంట్లో ఆస్తమాతో తాతగారు, షుగరుతో నాయనమ్మ. భయపడకపోతేనే ఆశ్చర్యం.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. "భక్తుడికి భయమెందుకు, స్వామి ఉన్నాడుగా, మాస్కు ఎందుకు" అని ఆ రోజుల్లో కొందరు మాట్లాడారు. వినడానికి బాగుంటుంది. కానీ కాలువలో మొసలి ఉందని తెలిసి దిగి, గజేంద్రుడిలా మొరపెట్టుకుంటానంటే దాన్ని భక్తి అనలేం. గజేంద్రుడికి మొసలి ఉందని ముందు తెలీదండీ! భయం మనకు భగవంతుడు ఇచ్చిందే. పిల్లాడు నూతి చప్టా మీదకు ఎక్కుతుంటే తల్లి గుండె జల్లుమంటుంది, ఆ జల్లుమనడం ఆమె ఇచ్చగా తెచ్చుకున్నది కాదు. దానికి పాపపుణ్యాలు ఉండవు. ఆ తర్వాత మనం చేసే పనికి ఉంటాయి.

ఇంట్లోకి వచ్చేవాణ్ణి చూసి భయపడ్డప్పుడు ఏం చెయ్యాలి అన్న ప్రశ్న రామాయణంలో ఒకచోట సూటిగా వస్తుంది. యుద్ధకాండలో విభీషణుడి రాక. వాల్మీకి ఆ సభను ఎంత ఓపికగా చెప్పాడో చదివినవాళ్లకు తెలుస్తుంది, మనం ప్రవచనాల్లో తొందరగా "శరణన్నాడు, రాముడు అభయమిచ్చాడు" అని దాటేస్తాం. అసలు సంగతి మధ్యలో ఉంది.

సముద్రం అవతలి నుంచి, శత్రువు ఊరి నుంచి, నలుగురు తోడుతో ఒకడు వచ్చాడు. కింద వానరసేన ఉంది. వాడిని చూడగానే సుగ్రీవుడికి గుండె ఝల్లుమంది. వీళ్లు మనల్ని చంపడానికే వస్తున్నారన్నాడు. వానరులు చెట్లూ బండలూ ఎత్తుకున్నారు. చూశారా, తాటిదుంగలు, ముళ్లకంప! సుగ్రీవుడి సలహా ఏమిటంటే వాణ్ణి పట్టుకుని చంపెయ్యడమే.

రాముడు ఏం చేశాడు? సుగ్రీవుణ్ణి పిరికివాడా అని వెక్కిరించలేదు. నాకు తెలుసు మీరు ఊరుకోండి అనలేదు. మీమీ అభిప్రాయం చెప్పండన్నాడు. అంగదుడు, వాడిలో గుణమూ దోషమూ రెండూ తూచి చూద్దామన్నాడు. శరభుడు గూఢచారిని పెట్టి కనిపెట్టాలన్నాడు. జాంబవంతుడు వేళ కాని వేళ చోటు కాని చోట వచ్చాడు, అనుమానించాల్సిందే అన్నాడు. మైందుడు మెల్లగా, తియ్యగా మాట్లాడి కనుక్కుందామన్నాడు. చివర్లో హనుమ లేచి, వాడి ముఖం నిర్మలంగా ఉంది, మాటలో తడబాటు లేదు, కాలం తెలిసి వచ్చాడు, తీసుకోవచ్చన్నాడు. తూచడం, గమనించడం, అనుమానించడం, ప్రశ్నించడం. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పరీక్ష, నిఘా, జాగ్రత్త, పలకరింపు. ఇవన్నీ రాముడి సభలో పెద్దలు చెప్పినవే, ఏదీ అధర్మం కాదు.

ఇంకో చిన్న విషయం ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఈ చర్చంతా జరుగుతున్నంతసేపూ విభీషణుడు ఎక్కడున్నాడు? ఆకాశంలో. కిందికి దిగలేదు. నేను మంచివాణ్ణి, నన్ను అనుమానిస్తారా అని సేన మధ్యలోకి దూసుకురాలేదు. తాను ఎవరో, ఎక్కడి నుంచి వచ్చాడో, ఎవరి తమ్ముడో దాచకుండా పైనుంచే చెప్పి ఆగాడు. వచ్చేవాడికి కూడా ధర్మం ఉందని అక్కడ తెలుస్తుంది. విమానాశ్రయంలో జ్వరం కనబడకుండా మాత్ర వేసుకుని దిగినవాళ్ల గురించి మనం ఆ రోజుల్లో విన్నాం. భయంతోనే వేసుకున్నారు పాపం, ఇల్లు చేరాలనే వేసుకున్నారు. కానీ అది విభీషణుడి పద్ధతి కాదు.

సరే, రాముడు అభయమిస్తానన్నాడు. సుగ్రీవుడు మళ్లీ వద్దన్నాడు. అప్పుడు రాముడు పావురం కథ గుర్తుచేశాడు. తన చెట్టు కిందికి చలికీ ఆకలికీ తట్టుకోలేక వచ్చిన వేటగాడికి, తన జంటను పట్టినవాడికి, ఒక పావురం తన ఒళ్లే ఆహారంగా ఇచ్చిన కథ. పక్షి అంత పని చేస్తే నేను చెయ్యనా అన్నాడు.

ఈ కథ దగ్గర నాకో చిక్కు ఉంది. దాన్ని దాటవేసి మీకు నీతి చెప్పడం నాకు ఇష్టం లేదు. పావురం ఇచ్చింది తన ఒళ్లు. గూట్లో పిల్లలుంటే? వేటగాడికి పిల్లల్ని కూడా ఇవ్వాలా? నా ప్రాణం నేను పణంగా పెట్టొచ్చు, అది త్యాగం. మా అమ్మ ప్రాణం నేను పణంగా పెడితే దాన్ని ఏమనాలి? ఆ లాక్‌డౌన్ రోజుల్లో గుమ్మం మూసిన చాలామంది తమ కోసం మూయలేదండి. లోపల మంచం మీద ఉన్న ముసలావిడ కోసం మూశారు. "ఇంటి ఆడపిల్లని బయట నిలబెడతావా" అని వాళ్లను తిట్టడం తేలిక. ఆ ముసలావిడ ఊపిరికి ఎవరు జవాబుదారీ?

రోగం విషయంలో నిజమైన ధర్మసంకటం ఇదే. ఇద్దరూ మనవాళ్లే. ఒకరు గుమ్మానికి బయట, ఒకరు లోపల. ఒకరికి అభయమివ్వడం ఇంకొకరికి అపాయం.

దీనికి నాకు దొరికిన దారి శాస్త్రాల్లోంచి రాలేదు. రాజోలుకు అవతల ఒక ఊళ్లో రెండిళ్లను చూసి దొరికింది. రెండిళ్ల ఆడపిల్లలూ గల్ఫ్ నుంచి ఆ వేసవిలోనే వచ్చారు. ఇద్దరూ ప్రభుత్వ క్వారంటైన్ ముగించుకునే వచ్చారు, అయినా మరో పద్నాలుగు రోజులు ఇంట్లో విడిగా ఉండమన్నారు. మొదటి ఇంట్లో ఆమెను పెరట్లో కొబ్బరికాయలు ఒలిచే పాకలో ఉంచారు. నులకమంచం, ఒక బిందె. కంచం దూరంగా పెట్టి అరిచి చెప్పి వెళ్లిపోయేవారు. ఎదురుగా ఆమె పంపిన డబ్బుతో వేసిన డాబా, టైల్స్‌తో సహా. ఆ టైల్స్ మీద ఆమె ఒక్కరాత్రి కూడా పడుకోలేదు. పద్నాలుగు రోజులైపోయాక కూడా రేపురా ఎల్లుండిరా అని ఇంకో పది రోజులు సాగదీశారు. జ్వరం రాలేదు, దగ్గు రాలేదు. ఆమె ఆ పాకలో ఉండగా ఎవరితోనూ మాట్లాడటం మానేసిందని వాళ్లమ్మే నాతో చెప్పింది.

రెండో ఇంట్లో తండ్రి వేరేలా చేశాడు. స్నానాలగది ఉన్నది డాబాలోనే కాబట్టి అమ్మాయిని డాబాలో ఉంచి, తాను భార్యతో, ముసలి తల్లితో కలిసి పాకలోకి మారాడు. మహాత్యాగమేమీ కాదు, వీలు చూసుకున్నాడంతే. ముసలావిడ దోమలని, ఉక్కపోతని రోజూ సణిగేది. తల్లి పొద్దున్నే కిటికీ దగ్గర అరిటాకులో టిఫిను పెట్టి, పది అడుగుల అవతల పీట వేసుకుని, కూతురు తినేదాకా కబుర్లు చెప్పేది. కువైట్‌లో వంట ఎలా చేసేదానివే అని అడిగి, ఆ అరబ్బీ వంటల పేర్లు పలకలేక నవ్వేది.

దూరం రెండిళ్లలో ఒకటే. అడుగులు కొలిచి చూసినా, రోజులు లెక్కపెట్టినా పెద్ద తేడా ఉండదు. వైరస్‌కు ఆ రెండిళ్లకూ తేడా తెలీదు. మొదటి ఇంట్లో దూరం బరువంతా వచ్చిన మనిషి నెత్తిన పెట్టారు. రెండో ఇంట్లో అందరూ తలా కాస్త మోశారు. లోపలి ముసలావిడా క్షేమమే, వచ్చిన ఆడపిల్లకూ అభయమే. గుమ్మం మూస్తూ కూడా అభయం ఇవ్వొచ్చు అని నేను నమ్మేది ఆ పీట వల్ల.

పూరీ జగన్నాథుడి గుడిలో ఏటా జరిగేది కూడా ఇదే పద్ధతి. జ్యేష్ఠ పూర్ణిమనాడు నూటెనిమిది కుండల నీళ్లతో స్నానం చేసి స్వామికి జ్వరం వస్తుంది. రథయాత్ర దాకా సుమారు పదిహేను రోజులు దర్శనం ఉండదు. కానీ లోపల స్వామి ఒంటరి కాదు. దైతాపతులు ఆయనకు మందులు, పథ్యం అందిస్తూ దగ్గరుండి చూసుకుంటారు. ఏకాంతం వేరు, వెలి వేరు.

వెలి అన్నాను కాబట్టి మడి గురించి కూడా మాట్లాడాలి. 2020లో మన వాట్సాప్‌లన్నీ నిండిపోయిన మాట ఇది: "మన పెద్దల మడే నేటి క్వారంటైన్, మన నమస్కారమే నేటి సామాజిక దూరం." నాకూ రోజుకు పదిసార్లు వచ్చేది. అందులో కొంత నిజం ఉంది, కాదనను. బయటి నుంచి వస్తే కాళ్లు కడుక్కోవడం, పురుడు వచ్చిన ఇంట్లో పదిరోజులు తల్లినీ బిడ్డనూ జనం మధ్యకు తేకపోవడం, మైల ఉన్న ఇంటివాళ్లు తామే గుడికి వెళ్లకుండా ఆగడం. మైలలో మంచి సంగతేమిటంటే ఆగేది ఆ ఇంటివాళ్లే, ఆ ఆగడానికి ఒక గడువుంది, పదకొండో రోజుకో పన్నెండో రోజుకో తీరిపోతుంది.

కానీ మన ఊళ్లలో అంటు అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉండేది కదా. కొందరు మనుషుల్ని ఏ జ్వరమూ లేకుండానే ఊరికి అవతల ఉంచాం. వాళ్లు మన నూతిలో చేద వెయ్యకూడదు, గుడి మెట్లెక్కకూడదు. ఏ పరీక్షా లేదు, ఏ గడువూ లేదు, తాతకు ఉన్నదే మనవడికి. దాన్ని కూడా కలిపేసి "మన పెద్దలకు వైరస్ సంగతి ముందే తెలుసు" అని ఛాతీ విరుచుకుంటే, ఆ అవతల ఉండిపోయిన వాళ్ల మనవడు ఇప్పుడు మన వీడియో చూస్తూ ఏమనుకుంటాడు? రోగానికి దూరం పాటించడం ఒక పని. మనిషినే రోగంలా చూడటం ఇంకో పని. రెంటికీ ఒకే పేరు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌ను నేను ఎవరికీ పంపలేదు, మీరూ పంపొద్దనే నా మనవి. భాగవతంలో రంతిదేవుడు నలభై ఎనిమిది రోజుల ఉపవాసం తర్వాత మిగిలిన ఆఖరి గుక్కెడు నీళ్లు ఎవరికి ఇచ్చాడో పోతన గారి తెలుగులోనే చదువుకోవచ్చు.

మన పూర్వులకు మశూచి, కలరా పెద్ద భయాలు. మహమ్మారి అని ఈరోజు పత్రికలు రాసే మాట వాటి నుంచి వచ్చిందే. పెద్దాపురం మరిడమ్మ తల్లి జాతర ఇప్పటికీ మన గోదావరి జిల్లాల్లో ఎంత ఘనంగా జరుగుతుందో మీకు తెలుసు. అమ్మవారికి వేపమండలు, పసుపునీళ్లు, చలివిడి పెట్టి సాగనంపేవారు. సాగనంపడం అంటే పొలిమేర దాటించడం. నేను చిన్నప్పుడు విని అడిగిన ప్రశ్న ఒకటుంది: పొలిమేర దాటిస్తే పక్క ఊరికి వెళ్తుంది కదా? మా పెద్దావిడ "అడ్డదిడ్డం ప్రశ్నలు వెయ్యకు" అని కసిరింది. ఇప్పుడు ఆలోచిస్తే అది అంత అడ్డదిడ్డం ప్రశ్న కాదనిపిస్తుంది. తాటిదుంగలు వేసిన ప్రతి ఊరూ పక్క ఊరికి అదే చేసింది.

మశూచి పొలిమేరలు దాటిస్తే పోలేదు. ఊరూరా ఇల్లిల్లూ వెతికి, రోగి ఎక్కడున్నాడో కనుక్కుని, చుట్టూ ఉన్నవాళ్లందరికీ టీకాలు వేసి, రోగి ఇంటి దగ్గర కాపలా మనిషిని పెట్టి నిలబెడితే పోయింది. వచ్చిపోయేవాళ్లకు టీకా వేయించేది కూడా ఆ కాపలా మనిషే. కేసు చూపించినవాళ్లకు బహుమతి కూడా ఇచ్చారు. మన దేశంలో ఆఖరి కేసు 1975లో. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అమ్మవారిని తరమలేదు, వెతుక్కుంటూ ఆమె దగ్గరకే వెళ్లారు. ఆ పని చేసినవాళ్లు మన ఊళ్లలో టీకా మందు మోసుకుంటూ నడిచిన మామూలు ఉద్యోగులే.

కరోనాలో ఆ పని చేసింది ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు, వాలంటీర్లు, పారిశుద్ధ్య కార్మికులు. మనం వాళ్లకు చప్పట్లు కొట్టాం. తర్వాత వాళ్లు మన వీధిలోకి వస్తే కిటికీ వేసుకున్నాం. ఇది మన దగ్గరే కాదు. 2018 మే నెలలో కేరళ కోజికోడ్ జిల్లాలో నిపా వచ్చింది. పేరాంబ్ర ప్రభుత్వాస్పత్రిలో లినీ పుతుస్సేరి అనే నర్సు ఆ రోగికి సేవ చేసి, తనకు అంటుకుని, మే 21న కన్నుమూసింది. ఇద్దరు చిన్న కొడుకులు. భర్త బహ్రెయిన్‌లో పనిచేసేవాడు. కోనసీమలో చాలా ఇళ్ల కథే కదా ఇది, కొబ్బరిచెట్లతో సహా. తనకేమైందో ఆమెకు అర్థమైంది. ఇక మిమ్మల్ని చూడలేనేమోనని, పిల్లల్ని బాగా చూసుకోమని భర్తకు ఒక చీటీ రాసి పెట్టింది. దేశమంతా ఆ చీటీ చదివి ఏడ్చింది. అదే వారంలో ఆ ఆస్పత్రి నర్సుల్ని ఆటోల్లో, బస్సుల్లో పక్కన కూర్చోనివ్వడానికి జనం జంకారని కూడా పత్రికలు రాశాయి.

2020 ఏప్రిల్‌లో ఇంకా దారుణం చూశాం. నెల్లూరు డాక్టరు గారొకరు కరోనాతో చెన్నైలో చనిపోతే, అంబత్తూరు శ్మశానం దగ్గర స్థానికులు దహనానికి ఒప్పుకోలేదు. ఆయన ఎవరికి వైద్యం చేసి ఆ రోగం తెచ్చుకున్నాడో ఆ జనంలోంచే కదా ఆ అభ్యంతరం వచ్చింది. చచ్చిపోయిన శరీరం దగ్గదు, తుమ్మదు. జాగ్రత్తగా చుట్టి దహనం చేస్తే ప్రమాదం లేదని అప్పటికే డాక్టర్లు చెబుతున్నారు. రాముడు జటాయువుకు కొడుకులా కర్మ చేశాడు. అడవిలో, భార్య పోయిన దుఃఖంలో ఉండి, ఒక గద్దకు. మనం ఇంకా ఏ శాస్త్రం వెతకాలి చెప్పండి?

కోనసీమకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో గాలి ఇళ్ల కప్పులు లేపేస్తుంటే, పక్కా ఇల్లు ఉన్నవాడి తలుపు ఎవరు కొట్టినా తెరుచుకుంది. కులం అడగలేదు, పేరు అడగలేదు. ఒక్క గదిలో నలభై మంది, కోళ్లు, కుక్క. తుఫాను మనల్ని దగ్గరికి తోసింది, వైరస్ దూరం తోసింది, అందుకే మనకు కరోనాలో చేతులు ఆడలేదేమో. ఆ పాత అలవాటు పనికిరాకుండా పోయింది, కొత్తది ఇంకా రాలేదు.

2020 ఆగస్టులో ఆ రెండూ కలిసొచ్చాయి. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, లంకల్లోకి నీళ్లు. ఒకపక్క కరోనా ఉధృతి, ఇంకోపక్క పడవెక్కితే తప్ప బతకలేని జనం. పడవలో ఆరడుగుల దూరం ఎక్కడి నుంచి వస్తుంది? మూతికి తువాలు చుట్టుకుని ఎక్కారు. దగ్గుతున్న మనిషిని గాలి వాలు చూసి చివర కూర్చోబెట్టారు. కూర్చోబెట్టారు గానీ రేవులో వదిలెయ్యలేదు.

మళ్లీ ఇప్పటి సంగతికి వస్తాను. నిపా గురించి అడుగుతున్నవాళ్లకు నాకు తెలిసినంతలో చెప్పేది తక్కువే. అది గబ్బిలాల నుంచి వస్తుంది, కాబట్టి గబ్బిలం కొరికిన జామకాయో మామిడిపండో పిల్లలు ఏరుకుని తినకుండా చూడండి. మూత లేని కుండలోని కల్లు జోలికి పోవద్దని డాక్టర్లు అంటారు. ఆ చివరి మాట మన తోటల్లో ఎంతమంది వింటారో నాకు అనుమానమే! జ్వరం వచ్చినవాళ్లను దాచొద్దు, ఆస్పత్రికి చెప్పండి. అంతకుమించి తెలియనిది నేను చెప్పను.

గల్ఫ్‌లో పిల్లలున్న తల్లిదండ్రులకు మాత్రం ఒకటి అడుగుతాను. ఏ రోగమూ లేని ఇప్పుడే, నిమ్మళంగా ఉన్నప్పుడే ఇంట్లో ఒక మాట అనుకోండి: రేపు అలాంటి రోజు మళ్లీ వస్తే అమ్మాయి ఏ గదిలో ఉంటుంది, మనం ఎక్కడ పడుకుంటాం, కిటికీ దగ్గర పీట ఎవరు వేసుకుంటారు అని. ఆ సుగ్రీవుడితో రాముడు చివరికి ఏమన్నాడో తెలుసా? వచ్చినవాడు విభీషణుడైనా సరే, రావణుడే అయినా సరే అభయం ఇచ్చేశాను, వెళ్లి తీసుకురా అన్నాడు. హనుమను పంపొచ్చు, హనుమకు ముందునుంచీ నమ్మకమే. భయపడ్డవాడికే ఆ పని చెప్పాడు.

మొన్న కొత్తపేట దగ్గరి ఒకావిడ అడిగిన సందేహం ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇలాంటిదే ఇంకో ఇద్దరు అడిగారు. వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు ఏడేసి ప్రదక్షిణలు మొక్కుకుంది. ఆరు వారాలు అయిపోయాయి. ఏడో శుక్రవారం రాత్రి జ్వరం, దగ్గు. శనివారం నాడు ఆ గుడి చుట్టూ ఎలా ఉంటుందో మీకు తెలుసు, చంటిపిల్లలు, ముసలివాళ్లు, భుజం భుజం రాసుకుని నడుస్తారు. కొడుకు వెళ్దాం పదమ్మా, మాత్ర వేసుకుంటే తగ్గిపోతుందన్నాడట. ఆవిడ వెళ్లలేదు. తన దగ్గు ఇంకొకరి చంటిబిడ్డకు ఎందుకని, పెరట్లో తులసికోట చుట్టూ ఏడుసార్లు తిరిగి పడుకుంది. తగ్గాక తర్వాతి శనివారం వాడపల్లి వెళ్లొచ్చింది. ఇప్పుడామె అనుమానం, మధ్యలో ఒక వారం తప్పింది కాబట్టి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలా అని.

అక్కర్లేదమ్మా అని చెప్పాను. ఆ తులసికోట వారాన్ని ఏడోదిగా రాసుకోమన్నాను, వాడపల్లి వెళ్లొచ్చింది ఎనిమిదోది, అది కొసరు. స్వామికి లెక్క కుదరకపోతే నన్ను అడగమని చెప్పు అన్నాను.